అరగని టైర్లు

నేను ఏలూరులో ఆడవాళ్ల ఆసుపత్రిలో నర్సుగా చేరింది పంతొమ్మిది వందల ముప్ఫైల నడుమ. అప్పటికి ఆ ఊళ్లో కారు నడిపే ఆడమనిషి నాకు తెలిసి ఒక్కరే. ఆవిడ మా డాక్టరమ్మగారు. ఆ మాట వినడం వేరు, కళ్లారా చూడడం వేరు. నేను తాడేపల్లిగూడెం దగ్గర పల్లెలో క్రైస్తవ మిషను బడి పంతులుగారి కూతురిగా పెరిగినదాన్ని. మోటారంటే దుమ్ము రేపుకుంటూ పోయే బస్సని మాత్రమే తెలుసు. చేరిన మర్నాడు పొద్దున్నే ఆవిడ చీరకొంగు నడుముకి బిగించి, కారు ముందు వంగి, ఇనప హ్యాండిలు గిర్రున తిప్పారు. ఇంజను అందుకోగానే గబగబా వెళ్లి సీట్లో కూర్చుని, "ఎక్కమ్మా, గణపవరం వెళ్లాలి" అన్నారు. నేను ఎటువైపునుంచి ఎక్కాలో తెలియక కారు చుట్టూ తిరిగాను.

ఆ కారు ఆవిడ నాన్నగారిది. ఆయన కాలవల డిపార్టుమెంటులో ఓవర్సీరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక కూతురి దగ్గరే ఉండేవారు. పొడుగాటి మనిషి. ఇంట్లో ఉన్నా సరే తలపాగా చుట్టుకునే ఉండేవారు. కారుని ఆయన చూసుకున్నట్టు మనుషుల్ని కూడా ఎవరూ చూసుకోరు. వానలో బయటికి తీసేవారు కాదు. ఎండలో నిలబెట్టేవారు కాదు. ఏ ఆదివారమో కాలవ గట్టు దాకా వెళ్లిరావడమే దాని ప్రయాణం. కూతురు ఊళ్లు తిరిగి వైద్యం చేయడం మొదలుపెట్టాక, మనసు చంపుకుని తాళం ఆవిడ చేతికిచ్చారు. ఇస్తూ, "టైర్లు చూశావా, గాడి ఇంకా చెక్కుచెదరలేదు" అన్నారట.

నిజంగానే అవి కొత్తవాటిలా ఉండేవి. నేలని పట్టుకునే గాడులు లోతుగా, స్పష్టంగా ఉండేవి. మేము చుట్టుపక్కల బస్సులకి చూసే టైర్లు బోడిగుండులా నున్నగా అరిగి, లోపలి గుడ్డ పోగులు బయటికి వచ్చినవి. వాటి పక్కన ఇవి పెళ్లికి తయారైనట్టుండేవి. కారు తుడిచినప్పుడల్లా ఆయన గోరు గాడిలో దూర్చి లోతు చూసుకుని సంతోషపడేవారు.

డాక్టరమ్మగారు మాత్రం పక్కలు చూసేవారు. ప్రయాణానికి ముందు ప్రతి టైరు పక్కనా అరచెయ్యి పెట్టి నెమ్మదిగా నిమిరేవారు. అక్కడ రబ్బరు నలుపు పోయి బూడిదరంగులోకి వచ్చింది. సన్నసన్నటి గీతలు కనిపించేవి. "ఏంటండీ అవి?" అని ఒకసారి అడిగాను.

"అదే నాకూ తెలియాలమ్మా. పైపైనే ఉన్నాయో, లోపలిదాకా ఉన్నాయో" అన్నారు.

తెలిసిన రోజు ఎండ బాగా ముదిరిన రోజు. తాడేపల్లిగూడెంలో ఒక కాన్పు చేసి, మిట్టమధ్యాహ్నం ఏలూరు తిరిగి వస్తున్నాం. ఉంగుటూరు దాటాం. ట్రంకు రోడ్డు పక్కనే కాలవ. కాలవలో బియ్యం బస్తాల పడవ ఒకటి వస్తోంది, గట్టుమీద ఇద్దరు మనుషులు దాన్ని తాడేసి లాగుతున్నారు. నాకు కునుకు పడుతున్నట్టుంది. అంతలో ఢామ్మని చప్పుడు. ఎవరో తుపాకీ పేల్చారనుకున్నాను. కారు వెనక భాగం ఒక్కసారి కాలవ వైపుకి జారింది. నా ఒళ్లోని మందుల పెట్టె ఎగిరి కాళ్లమీద పడింది. కళ్ల ముందు రోడ్డు లేదు, నీళ్లే ఉన్నాయి.

నేను కేక వేశాను. డాక్టరమ్మగారు రెండు చేతులతో స్టీరింగు చక్రాన్ని పట్టుకుని, ముందుకి వంగి, ఆ కారుని రోడ్డు మీదకి లాక్కొచ్చారు. లాక్కొచ్చారనే అనాలి. ఆ సన్నటి ముంజేతుల్లో నరాలు తాళ్లలా తేలాయి. కారు దడదడలాడుతూ కొంత దూరం పోయి, దానంతటదే నెమ్మదించి, గట్టు అంచున ఆగింది. దుమ్ము మమ్మల్ని కమ్మేసింది. దుమ్ము తేలిపోయాక చూస్తే, పడవ లాగేవాళ్లు తాడు వదిలేసి పరిగెత్తుకొస్తున్నారు.

"దెబ్బలేం తగల్లేదు కదాండీ? అమ్మగోరే తోల్తన్నారాండీ బండీ?" అన్నాడు ముందు వచ్చినతను, మా వెనక ఇంకెవరైనా మగమనిషి ఉన్నాడేమోనని తొంగిచూస్తూ.

నేను దిగాను. "బ్రేకు తొక్కారాండీ?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"తొక్కి ఉంటే ఈపాటికి నీళ్లలో ఉండేవాళ్లం" అన్నారావిడ. అప్పటికే వెనక చక్రం దగ్గర వంగి చూస్తున్నారు.

పేలిన టైరు వెనక ఎడమపక్కది. పక్కన జానెడు మేర నోరు తెరుచుకుంది. గాడి మాత్రం అలాగే ఉంది. మీద మచ్చ కూడా లేదు. పడవవాళ్ల సాయంతో జాకీ ఎత్తి, స్టెప్నీ చక్రం బిగించుకుని, బండినడకన ఏలూరు చేరాం. దారి పొడుగునా ఆవిడ చూపు రోడ్డు మీద, చెవి చక్రాల మీద ఉన్నాయి.

ఆ సాయంత్రం ఇంటి వరండాలో చక్రాలన్నీ విప్పించి వరసగా పడుకోబెట్టారు. నాన్నగారు పడక్కుర్చీలోంచి లేచి వచ్చారు. పేలినదాన్ని చాలాసేపు చూశారు. తన మనిషికి దెబ్బ తగిలినట్టు చూశారు.

"ఏ గాజుపెంకో, లాడం మేకో గుచ్చుకుని ఉంటుందమ్మాయ్. ఒకటి మారిస్తే సరిపోతుంది. మిగతావి నిక్షేపంలా ఉన్నాయి. అరగని టైర్లు ఎవరైనా తీసేస్తారా?"

ఆవిడ జడ ముడిలోంచి ఒక పిన్ను తీశారు. ఒక టైరు పక్కని రెండు బొటనవేళ్లతో వంచితే, పైకి వెంట్రుకలా కనిపించే గీత కొంచెం విచ్చుకుంది. పిన్ను మొన అందులో పెట్టారు. గుచ్చలేదు, ఊరికే వదిలారు. అది దిగిపోతూ దిగిపోతూ లోపలి గుడ్డ దగ్గర ఆగింది. నాన్నగారు వంగి చూసి మళ్లీ నిటారుగా నిలబడ్డారు. రెండోదానిలోనూ అంతే. మిగతావాటిలో అంత దిగలేదు.

"చూశావా, అవి బాగానే ఉన్నాయి" అన్నారాయన, దాన్నే పట్టుకుని.

"వాటి వయసూ ఇదేనండీ నాన్నగారూ. మీరు సరిగ్గా చూసుకోక కాదు, రబ్బరు ముసలిదైపోయింది. నీడలో ఉంచినా దాని ఏళ్లు అది లెక్కపెట్టుకుంది. ఇవి రేపు పోతాయో, వచ్చే ఏడు పోతాయో నాకు తెలీదు. తెలియనిదాని మీద నెలలు నిండిన మనిషిని ఎక్కించుకుని కాలవ గట్టున తోలలేను. అన్నీ మార్చేద్దాం."

ఆయన కింద కూర్చుని, ఒక టైరు గాడిలో అలవాటుగా గోరు దూర్చారు. తరవాత చెయ్యి పక్కకి జరిపి, ఆ బూడిదరంగు గీతల మీద వేలు రాశారు. ఇన్నేళ్లలో ఆయన అక్కడ చెయ్యి పెట్టడం అదే మొదలనుకుంటాను. "మద్రాసుకి రాయిస్తాను" అని లోపలికి వెళ్లిపోయారు.

కొత్త టైర్లు రైల్లో రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లోనే కొల్లేటివైపు నుంచి ఒక మనిషిని తీసుకొచ్చారు. కడుపుతో ఉండి రక్తం పోతోంది. కారుకి టైర్లు లేవు కనక డాక్టరమ్మగారు ఎదురు వెళ్లలేకపోయారు. వాళ్లే గడ్డి పరిచి, మామూలు ఎద్దుబండి మీద పడుకోబెట్టి తెచ్చారు. ఇనప పట్టా వేసిన కొయ్యచక్రాలు కంకర మీద, గతుకుల మీద వేసిన ప్రతి కుదుపూ ఆమె ఒంట్లోకే వెళ్లింది. ఆసుపత్రి గేటు దాకా ప్రాణంతోనే వచ్చింది. లోపలికి మోసుకెళ్లేసరికి లేదు. బండిలో గడ్డి తడిసి ఉంది. డాక్టరమ్మగారు బయటికొచ్చి ఆ బండి చక్రం ఇనప పట్టా మీద అరచెయ్యి పెట్టి చూశారు.

కొత్త టైర్లు వచ్చాయి. వాసనే వేరు. నాన్నగారు చక్రాల లోపలివైపు తెల్లరంగుతో నెలా, సంవత్సరమూ రాశారు. "ఈసారి గాడి చూసి మోసపోను" అన్నారు. పాతవి షెడ్డు మూల పేర్చి ఉన్నాయి. వాటిని ఏం చేయాలన్న మాట వచ్చినప్పుడు, చెప్పుల కోసం ఎవరో అడుగుతున్నారని నేను చెప్పాను.

"పరుగుకి పనికిరావు గాని, నడకకి పనికొస్తాయి కదండీ నాన్నగారూ?" అన్నారు డాక్టరమ్మగారు ఉన్నట్టుండి. "ఎద్దుల నడకకి?"

ఆయన తల ఎత్తి కూతురివైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ మర్నాటినుంచి ఆయన ఇంట్లో మనిషి కాదు. గూడెంలో బియ్యపు మిల్లు వెనక పడేసిన విరిగిన లారీ ఇరుసు ఒకటి సంపాదించారు. వడ్రంగినీ, కమ్మరినీ షెడ్డులో కూర్చోబెట్టారు. రేకుమీద సుద్దముక్కతో బొమ్మలు గీసి, చెరిపి, మళ్లీ గీశారు. పిన్ను ఎక్కువగా దిగని టైర్లని ఏరి చక్రాలకి వేశారు. గాలి తక్కువ కొట్టాలన్నారు. ఎక్కువైతే పాత రబ్బరు ఓర్చుకోదు, తక్కువైతేనే కుదుపు మింగుతుందన్నారు. బండి అడుగున ఒక స్టెప్నీ కూడా వేలాడదీశారు. ఎద్దుబండికి స్టెప్నీ చూసి వీధివాళ్లంతా నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

మొదటిసారి ఎద్దుల్ని కట్టి తోలినప్పుడు వీధిలో నవ్వు ఆగిపోయింది. బండి కదిలింది, చప్పుడు లేదు. ఎడ్ల గిట్టల చప్పుడూ, మెడగంటల చప్పుడూ తప్ప ఏమీ లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కిర్రుమనకుండా నడిచిన బండిని అక్కడ ఎవరం చూడలేదు. కొంత దూరం పోయాక ఎడ్లు ఆగి, తలలు తిప్పి వెనక్కి చూశాయి.

"బండి వత్తందా, ఎక్కడన్నా ఊడిపోయిందా అని చూసుకుంటన్నాయండి" అన్నాడు తోలే అతను. అతనికీ నమ్మకంగా లేదు. తనూ దిగి ఒకసారి చక్రం ముట్టుకుని చూసుకున్నాడు.

కొల్లేటివైపు కంకర రోడ్డు ఆగిపోయే ఊరే అతనిది. బండిని అక్కడే, అతని దగ్గరే ఉంచారు. అక్కడిదాకా కారు, అక్కడినుంచి బండి. వానలు పోయి, క్రిస్మస్ కూడా వెళ్లాక సరస్సు నీళ్లు వెనక్కి తగ్గడం మొదలైంది. ఆ కాలంలో అంచు ఊళ్లకి దోనె వెళ్లడానికి నీళ్లు చాలవు, కారు వెళ్లడానికి బురద ఆరదు. సరిగ్గా అప్పుడే ఒక లంక ఊరినుంచి ఒకతను వచ్చాడు. భార్యకి నెలలు నిండకుండానే రక్తం కనిపిస్తోందన్నాడు. డాక్టరమ్మగారు నావైపు చూశారు. ఆ చూపులో ఎవరున్నారో నాకు తెలుసు.

మేము వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. చేపలు ఎండబెట్టిన వాకిట్లో, చాప మీద పడుకుని ఉందామె. చిన్నపిల్ల. తొలి కాన్పు. డాక్టరమ్మగారు చూసి, బయటికి వచ్చి మొగుడితో నెమ్మదిగా చెప్పారు. "ఇక్కడ నేను చేయగలిగింది లేదు నాయనా. ఆపరేషను చేయాలి. కదపకుండా ఏలూరు తీసుకెళ్లాలి. ప్రస్తుతం రక్తం ఆగింది. తెల్లారకట్ల చల్లపూటే బయల్దేరదాం."

"కదపకుండా అంత దూరం ఎలాగండీ?" అన్నాడతను. ఆవిడ బండి చూపించారు.

తెల్లారకట్ల మంచులో బయల్దేరాం. ఆమె పక్కన నేను కూర్చుని మణికట్టు పట్టుకున్నాను. డాక్టరమ్మగారు చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, మెత్తటి ఒండ్రులో బండి పక్కనే నడిచారు. ఒకపక్క మనిషెత్తు కిక్కిస గడ్డి పొదలు, ఇంకోపక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో తెలియని నీళ్లు. టైర్లు ఆ నేల మీద చాపచుట్ట దొర్లినట్టు దొర్లుతున్నాయి. కొంతసేపటికి ఆ పిల్ల కళ్లు తెరిచి, "బండి ఆపేశారాండీ?" అంది.

"లేదమ్మా, నడుస్తోంది."

ఆమె నమ్మలేదు. చెయ్యి చాపి బండి పక్క పలక తడిమింది. దాటిపోతున్న కిక్కిస ఆకు ఒకటి వేళ్లకి తగిలింది. అప్పుడు కొంచెం నవ్వింది. నా చెయ్యి పట్టుకునే నిద్రపోయింది. నిద్రపోయింది! గడ్డి పరిచిన బండిలో వచ్చి చనిపోయిన ఆమె ఏ దారిన కేకలు వేసుకుంటూ వచ్చిందో ఆ దిక్కుగానే.

తూర్పు తెల్లబడుతుంటే మంచు పలచబడింది. మా ముందు నీళ్ల అంచంతా తెల్లటి గుట్టలు పోసినట్టు కనిపించాయి. సుద్దబండలేమో అనుకున్నాను. బండి దగ్గరవుతున్నకొద్దీ ఆ బండలకి మెడలు వచ్చాయి. ముక్కులు వచ్చాయి. గూడబాతులు. వందలా, వేలా, నేను చెప్పలేను. వాటి నడుమ ఎర్రకాళ్ల కొంగలు. చూపు ఆనినంత మేరా అవే.

"మామూలు బండి కిర్రుమన్నదంటే అంత దూరాన్నే లేచిపోతాయండి" అన్నాడు తోలే అతను గొంతు తగ్గించి. "యాభయ్యేళ్ల నుంచి ఇటే తిరుగుతన్నానండి. ఎప్పుడూ వాటి ఎనకభాగాలే గాని మొకాలు చూళ్లేదండి. ఆయ్." ఎడ్ల మెడగంటలు విప్పి మొలలో దోపుకున్నాడు.

మేము వాటి మధ్యలోంచి వెళ్లాం. అవి లేవలేదు. రెండడుగులు పక్కకి జరిగి దారి ఇచ్చాయి. ఒక పెద్ద పక్షి గొంతు సంచిలో చేప కదులుతుంటే ఆ కదలిక కనిపించింది. దగ్గర్లోనే ఒకటి రెక్క విప్పి మళ్లీ ముడుచుకుంటే ఆ గాలి నా ముఖానికి తగిలింది. ముక్కులు టకటకలాడడం, నీళ్లు ముక్కుల్లోంచి కారడం, పిల్లపక్షులు గుర్రుమనడం అన్నీ వినిపించాయి. నేను చిన్నప్పటినుంచి చర్చిలో సృష్టి గురించి విన్నాను, పాఠం అప్పజెప్పాను. అది ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నా వేళ్ల కింద ఆ పిల్ల నాడి నెమ్మదిగా, నిలకడగా కొట్టుకుంటోంది. డాక్టరమ్మగారి వైపు చూశాను. ఆవిడ నడక ఆపి, మోకాళ్ల దాకా బురదతో, చెప్పులు గుండెలకి అదుముకుని నిలబడి ఉన్నారు. తరవాత కళ్లు తుడుచుకుని, గబగబా వచ్చి మమ్మల్ని కలుసుకున్నారు.

ఏలూరు చేరేదాకా రక్తం మళ్లీ కనిపించలేదు. కంకర రోడ్డు దగ్గర కారు సిద్ధంగా ఉన్నా, ఆమెని మార్చడం ఎందుకని బండినే ఆసుపత్రి దాకా నడిపించారు. ఆ మధ్యాహ్నమే ఆపరేషను చేశారు. ఆడపిల్ల. పిడికెడంత ఉంది. దూదిలో చుట్టి, వేడినీళ్ల సీసాలు చుట్టూ పెట్టి కాపాడుకున్నాం. తల్లీ బతికింది, పిల్లా బతికింది.

నాన్నగారు ఆ సాయంత్రం ఆసుపత్రికి వచ్చి, గుమ్మంలో నిలబడి దూరం నుంచే పిల్లని చూశారు. తరవాత నన్ను పిలిచి, "దారిలో అసలేం జరిగిందో చెప్పమ్మాయీ" అన్నారు. టైర్ల సంగతి అడుగుతున్నారనుకుని, గాలి తగ్గలేదండీ అన్నాను. ఆయన కావాలన్నది అది కాదు. పక్షుల సంగతి. డాక్టరమ్మగారు అప్పటికే చెప్పారట, ఆయనకి నమ్మకం కలగలేదు. నేను మొదటినుంచి చివరిదాకా చెప్పాను. విని, తలపాగా సర్దుకుని వెళ్లిపోయారు.

కొన్నాళ్లకి తల్లీబిడ్డల్ని ఇంటికి పంపే రోజు వచ్చింది. ఆయన పొద్దున్నే తయారై కారులో ముందే కూర్చున్నారు. రోడ్డు చివర బండి ఎక్కాం. తల్లి ఈసారి లేచి కూర్చుని, పిల్లని ఒళ్లో పెట్టుకుంది. గంటలు విప్పేశారు. సరస్సు అంచుకి వచ్చేసరికి పక్షులు అలాగే, ఆనాటిలాగే, నీళ్లంతా నిండి ఉన్నాయి. బండి వాటి మధ్యకి వెళ్లింది.

నాన్నగారు చాలాసేపటికి నెమ్మదిగా అన్నారు. "ఉద్యోగం చేసినన్నాళ్లూ లాకులెత్తి నీళ్లు ఇటు వదిలాను. ఎంత వదిలానో రాసుకున్నాను. అవి ఎక్కడికి వచ్చాయో ఎప్పుడూ వచ్చి చూడలేదమ్మా."

ఒక గూడబాతు బండి పక్కకి వచ్చి, తల వాల్చి ఆయన్ని తేరిపార చూసింది. ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆయన తల నేను చూడడం అదే మొదటిసారి. పూర్తిగా నెరిసిపోయి ఉంది. పిల్ల ఏడవబోతే తల్లి చప్పున రొమ్ముకి అదుముకుంది. ఎడ్లు తమ దారిన తాము నడుస్తూనే ఉన్నాయి.